మూడో కాలికి క్షయం

నీళ్ళ ట్యాంకు గది,
సోమవారం

పూజ్యులైన బావగారికి,

మీ బావమరిది నమస్కరించి రాసుకునేది. ఇక్కడ మేమంతా కులాసా. ట్యాంకు మూడో కాలు ఒక్కటే కులాసాగా లేదు. ఆ విషయంలో మీ సాయం కావలసి ఈ ఉత్తరం.

నేను ఇరవై రెండేళ్ళుగా ఈ నీళ్ళ ట్యాంకుకి ఫిట్టరుగా ఉన్న సంగతి మీకు తెలుసు. ఇనప ట్యాంకు, నాలుగు గొట్టం కాళ్ళు. మూడో కాలి మీద రంగు పొక్కులు పొక్కులుగా లేచిందని పోయిన వారం సుత్తితో మెల్లిగా తట్టాను. సుత్తి లోపలికి పోయింది. బయటికి లాగితే గుప్పెడు ఎర్రపొడి రాలింది. ఆ చిల్లు అంచు దగ్గర ఇనుము మందం కొలిచాను. కట్టిన రోజున పది మిల్లీమీటర్లు. ఇప్పుడు మా కాలిపర్ అయిదు చూపించింది. అయితే ఆ కాలిపర్‌కి ఒక జబ్బుంది. నోరు పూర్తిగా మూసి పెట్టినా రెండు చూపిస్తుంది. అందుకని అయిదులోంచి రెండు తీసేసి మూడు అని రిజిస్టరులో వేశాను.

ఇంజనీరు గారికి కాగితం పెట్టాను. మూడో కాలు తుప్పు పట్టి గుల్లయింది, మందం మూడే ఉంది, వెంటనే మార్చకపోతే ట్యాంకు పడిపోతుంది అని. ఆయన చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, కాగితం నాకే తిరిగి ఇచ్చారు. ఈ నెల నుంచి రిపోర్టులన్నీ మీ విభాగం వేసిన సాంకేతిక పదకోశంలోని మాటల్లోనే ఉండాలట. అందులో తుప్పు లేదట. గుల్ల అసలే లేదట. "పదకోశంలో లేనిది ట్యాంకులో ఎలా ఉంటుందయ్యా?" అని అడిగారు.

మూడో కాలికి పది అడుగుల దూరంలో శిశు పాఠశాల ఉంది. ట్యాంకు నీడలో ఇస్త్రీ తాతయ్య బండి ఉంది. ఆలస్యం చేసే సంగతి కాదు. సరైన మాటలేవో మీరే రాసి పంపితే నేను వాటి కింద సంతకం పెడతాను. అక్కయ్యకి నా నమస్కారాలు చెప్పండి.

మీ మాట కోసం ఎదురుచూసే,
బావమరిది

తా.క. మీ పదకోశం మా ఆఫీసుకి ఒక్కటే వచ్చింది. ఇంజనీరు గారి కుర్చీకి ఒక కాలు పొట్టి. దాని కింద పెట్టుకున్నారు. పుస్తకం తీస్తే ఆయన పడతారు. అందుకే మిమ్మల్ని అడగాల్సి వచ్చింది.


పరిభాషా విభాగం, ప్రధాన కార్యాలయం,
గురువారం

చిరంజీవి బావమరిదికి ఆశీస్సులు.

నీ ఉత్తరం చదివి చాలా బాధపడ్డాను. కాలి గురించి కాదు, నీ భాష గురించి. తుప్పు అనేది పాత సామాన్లు కొనేవాడు వీధిలో అరిచే మాట. ప్రభుత్వ ఇనుముకి తుప్పు పట్టదు. దానికి "లోహక్షయము" సంభవిస్తుంది. ఈ ఒక్క పదం తేల్చడానికి తొమ్మిదిమందిమి పదకొండు నెలలు కూర్చున్నాం. ఇద్దరు మధ్యలోనే రిటైరయ్యారు. మీ ఫారంలో గడులు చిన్నవి కాబట్టి "లోహ" వదిలేసి "క్షయము" అని రాస్తే చాలు.

కాలు అనకూడదు, "పాదము" అనాలి. మీ కాలిపర్‌కి ఉన్నది జబ్బు కాదు, "శూన్యాంశ దోషము". నువ్వు రెండు తీసేశావే, దాని పేరు "ఋణ సవరణ". తక్కువ చూపించే పరికరమైతే రెండు కలుపుతావు, అది "ధన సవరణ". చూశావా, ఇరవై రెండేళ్ళుగా ఎంత గొప్ప పని చేస్తున్నావో నీకే తెలియదు.

నీ రిపోర్టు ఇలా ఉండాలి: "మూడవ పాదమునకు క్షయము సోకినది. దోషము కలదు గనుక ఋణ సవరణ అవసరము." యథాతథంగా దించు. సొంత తెలివి వాడకు.

ఆశీస్సులతో,
బావ

తా.క. "పడిపోతుంది" అన్న మాట కూడా కొట్టేశాను. దానికి పదం తయారీలో ఉంది. ఇంకో ఏడాది పడుతుంది. అంతవరకు పడకుండా చూసుకో.

ఇంకో తా.క. తమ్ముడూ, అక్కయ్యని. కవరు అంటించమని ఇస్తే ఇది రాస్తున్నాను. పోయిన వారం మీ బావకి పడిశం పట్టింది. డాక్టరుకి ఏమని చెప్పాలో తగిన పదం దొరక్క మూడు రోజులు ఆలోచించాడు. నాలుగో రోజుకి పడిశమే తగ్గిపోయింది. ట్యాంకు అలా తగ్గదనుకుంటాను.


నీళ్ళ ట్యాంకు గది,
బుధవారం

పూజ్యులైన బావగారికి నమస్కారాలు.

మీరు చెప్పినట్టే అక్షరం మార్చకుండా రాశాను. ఇంజనీరు గారు చదివి ఎంతో సంతోషించి పైకి పంపారు. నాలుగో రోజున ఒక వ్యాను వచ్చి ట్యాంకు కింద ఆగింది. అది ఆరోగ్య శాఖది.

నీళ్ళ శాఖలో ఒక మనిషికి పాదంలో క్షయ సోకిందనీ, ఆ చేతులతోనే ఊరందరి నీళ్ళూ వదులుతున్నాడనీ వాళ్ళకి అర్థమైందట. ఒక డాక్టరు, ఇద్దరు సహాయకులు, ముగ్గురికీ మూతికి గుడ్డలు. రోగి ఎక్కడని అడిగారు. నేను ట్యాంకు చూపించాను. డాక్టరు గారు కింది నుంచి పై దాకా చూశారు. అప్పుడు నన్ను పక్కకి పిలిచి, మర్యాదగానే, "మేము వచ్చామంటే రోగి ఉండాలండీ. ఖాళీ ఫారం తీసుకెళ్ళే వీల్లేదు" అన్నారు. నన్ను దగ్గించారు, ఎక్స్‌రే తీశారు. నా ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయని తేలింది. అయినా ముందు జాగ్రత్తగా మూడు వారాలు ఎవరి దగ్గరా నిలబడి మాట్లాడొద్దని రాసిచ్చారు. ఇస్త్రీ తాతయ్య ఇప్పుడు నా చొక్కాలు కర్రతో తీసుకుంటున్నాడు.

ఋణ సవరణ మాట పట్టుకుని ఆ కాగితం లెక్కల విభాగానికి కూడా పోయింది. నాకు అప్పు వాయిదాలు తగ్గించాలని అడిగాననుకున్నారు. "ఫిట్టరు హోదా వారికి ఋణ సవరణ సౌకర్యము లేదు. ధన సవరణ అసలే లేదు" అని జవాబు వచ్చింది.

ఈ ఉదయం కాలిపర్ నాలుగున్నర చూపించింది. అంటే రెండున్నర. బావగారూ, కాలు మనకోసం ఆగడం లేదు.

మీ విధేయుడు,
బావమరిది

తా.క. ఆ డాక్టరు గారు పోతూ పోతూ అలవాటు కొద్దీ స్టెతస్కోపు మూడో కాలికి ఆనించారు. లోపల టిక్కు టిక్కుమంటోందన్నారు. ఇంతమందిలో కాలిని పరీక్ష చేసినవాడు ఆయన ఒక్కడే. రిపోర్టులో మాత్రం "గుండె బాగానే కొట్టుకుంటోంది" అని రాశారు.


పరిభాషా విభాగం,
శనివారం

చిరంజీవి బావమరిదికి ఆశీస్సులు.

తప్పు పదానిది కాదు, చదివినవాళ్ళది. అయినా నీ మీద అభిమానంతో అత్యవసర సమావేశం పెట్టించాను. భోజనాలు కాకుండా ఆరు గంటలు చర్చించాం. క్షయము తీసేశాం. ఇక మీదట "జీర్ణము". పాదము తీసేసి "స్తంభము" చేశాం. ఋణ సవరణ మీద లెక్కల విభాగం వాళ్ళు పేచీ పెట్టారు కాబట్టి తేలిక మాట, పిల్లలకి కూడా తెలిసే మాట పెట్టాం: "దిద్దుబాటు".

కొత్త రిపోర్టు ఇది: "పురాతనమైన ఈ కట్టడమందలి మూడవ స్తంభము జీర్ణమైనది. కొలతలు నాచే దిద్దబడినవి." కింద నీ సంతకం కొంచెం పెద్దగా పెట్టు. దిద్దినవాడెవరో పైవాళ్ళకి స్పష్టంగా తెలియాలి.

నీ క్షేమం కోరే,
బావ

తా.క. ఒక సభ్యుడు లేచి, తుప్పునే ఉంచేస్తే పోలేదా అన్నాడు. ఆయన్ని సభ్యత్వం నుంచి సవరించాం.

ఇంకో తా.క. తమ్ముడూ, ఆ సభ్యుడు సాయంత్రం మా ఇంట్లో మర్చిపోయిన గొడుగు కోసం వచ్చాడు. మనిషిని అంత ఆనందంగా నేనెప్పుడూ చూడలేదు.


ఇంటి దగ్గర నుంచి,
మంగళవారం

బావగారికి నమస్కారాలు.

పైన "ఇంటి దగ్గర నుంచి" అని ఎందుకుందో ఊహించే ఉంటారు. నన్ను సస్పెండ్ చేశారు.

నిన్న పొద్దున నిఘా విభాగం ఆయన నా రిపోర్టు పట్టుకుని వచ్చారు. కొలతలు దిద్దానని నా అంతట నేనే ఒప్పుకుని, అంత పెద్ద సంతకం పెట్టినవాణ్ణి తన సర్వీసులో చూడలేదన్నారు. కాలిపర్ సంగతి చెప్పాను. నోరు మూసి చూపించాను. రెండు చూపించింది. ఆయన అది చూసి, "పరికరం ప్రభుత్వానిది. నువ్వు దాని మాట కాదంటున్నావు" అన్నారు. రిజిస్టరులో నా మూడు కొట్టేసి మళ్ళీ అయిదు వేశారు. ఒక్క కలం గీతతో కాలికి రెండు మిల్లీమీటర్ల బలం వచ్చింది. నేను ఇరవై రెండేళ్ళ వెల్డింగుతో కూడా తేలేనిది అది.

మధ్యాహ్నం పురావస్తు శాఖ వాళ్ళు దిగారు. పురాతన కట్టడం, జీర్ణమైన స్తంభం అని చదివి పరిగెత్తుకొచ్చారట. ట్యాంకు కట్టి ముప్పై ఒక్క ఏళ్ళే అయిందని చెప్పాను. నేను దానికంటే పద్దెనిమిదేళ్ళు పెద్దవాణ్ణి, నన్నెవరూ ఫొటో తియ్యలేదు. నా మాట వినలేదు. బోర్డు పాతారు: ఇది రక్షిత కట్టడం, ముట్టుకున్నా, మార్చినా, బాగుచేసినా శిక్ష. ఇంజనీరు గారి మొహం వెలిగిపోయింది. ఇన్నాళ్ళూ బాగుచెయ్యలేదని ఎవరైనా అడుగుతారేమోనని భయపడేవారు. ఇప్పుడు బాగుచేస్తేనే నేరం.

బోర్డు పాతేలోపు ఒకసారి కొలిచాను. నాలుగు చూపించింది. అంటే రెండు. బావగారూ, మీకు పెద్దవాళ్ళందరూ తెలుసు. ఒక్క ఫోను చేసి, అది తుప్పు పట్టింది, పడుతుంది అని చెప్పండి. రెండు మాటలు. నేను ఇంకేమీ అడగను.

మీ,
బావమరిది

తా.క. నేను కొట్టిన చిల్లు కనబడకుండా అట్టముక్క అంటించి పైన రంగేశారు. ఇప్పుడు చూడ్డానికి నాలుగు కాళ్ళలోనూ మూడోదే ఆరోగ్యంగా ఉంది.


పరిభాషా విభాగం,
సోమవారం

చిరంజీవి బావమరిదికి ఆశీస్సులు.

నీ కష్టాలు గట్టెక్కే వార్త. మన పదకోశం రెండో ముద్రణ ఆవిష్కరణ సభ వచ్చే శనివారం ఉదయం మీ ట్యాంకు కిందే జరుగుతుంది. మొత్తంగా మన పదాలతోనే వర్ణించబడిన మొట్టమొదటి వస్తువు అదే కదా అని ఛైర్మన్ గారు ముచ్చటపడ్డారు. వేదిక మూడో స్తంభానికి ఆనించి కడుతున్నారు. ట్యాంకు అంచుల దాకా నింపమని ఆదేశాలు వెళ్ళాయి. శిశు పాఠశాల పిల్లలు స్వాగత గీతం పాడతారు. ప్రధాన ఉపన్యాసం నాది. నీ పేరు ఎత్తను గానీ, "ఒక చిన్న ఉద్యోగి" అని అంటాను. అది నువ్వే అనుకో.

ఆశీస్సులతో,
బావ

తా.క. ఫోనులో ఆ మాట అనమన్నావు. ఆఫీసు ఫోనులో మాటలన్నీ రికార్డవుతాయి. నా పరువు నీకు తెలియదు.

ఇంకో తా.క. తమ్ముడూ, నన్ను కూడా తీసుకొస్తున్నారు. ముందు వరసలో కూర్చోవాలట. ఆ కాలు నిజంగా అంత పాడైందా? నాకు అర్థమయ్యేలా రాయి. మీ బావకి చూపించను.


ఇంటి దగ్గర నుంచి,
బుధవారం

బావగారికి నమస్కారాలు.

అదే శనివారం నన్ను విచారణకి ప్రధాన కార్యాలయానికి రమ్మన్నారు. మీరందరూ ఇక్కడికి వస్తుంటే నేను అక్కడికి పోతున్నాను. మీ కాళ్ళు పట్టుకుని అడుగుతున్నాను, సభ ఇంకెక్కడైనా పెట్టుకోండి. కనీసం ట్యాంకు నింపొద్దనండి. నేను ఇంజనీరు గారి దగ్గరికి రెండుసార్లు వెళ్ళాను. సస్పెండైనవాడితో మాట్లాడకూడదని నియమం ఉందని మొదటిసారి చెప్పారు. రెండోసారి తలుపే తియ్యలేదు.

బావమరిది

తా.క. ఇది వేరే కాగితం మీద, అక్కయ్యకి. అక్కయ్యా, పాడైంది. నీళ్ళు నిండితే ఆ కాలు ఆగదు. "టక్" మని ఒక చప్పుడు వస్తుంది. రెండో చప్పుడు కోసం చూడకు. పిల్లల్ని ఆవరణ వెనక గేటు నుంచి తీసుకెళ్ళు, ముందు గేటు ట్యాంకు వైపే ఉంది. నీళ్ళు వదిలే చక్రం ఎక్కడుందో ఇస్త్రీ తాతయ్యకి చూపించాను. ఎడమ వైపు పదిహేడు చుట్లు. ముట్టుకుంటే శిక్ష కదా అన్నాను. ఈ వయసులో వాళ్ళు తనని ఏ జైల్లో పెట్టినా బట్టలు మడతలు లేకుండా ఉంటాయన్నాడు.


ఆసుపత్రి, పన్నెండో మంచం,
ఆదివారం

చిరంజీవి బావమరిదికి ఆశీస్సులు.

నేను చెబుతుంటే మీ అక్కయ్య రాస్తోంది. నా కుడిచెయ్యి కట్టులో ఉంది. (బ్రాకెట్లలో ఉన్నవి నావి, తమ్ముడూ. ఆయన కళ్ళజోడు నీళ్ళలో కొట్టుకుపోయింది. ఏం రాశానో చూసుకోలేడు.)

వారం కిందటి సభ చాలా బాగా మొదలైంది. నేను కాసేపు మాట్లాడాను. (గంటా పది నిమిషాలు.) సరైన పదం వస్తువుకి బలాన్నిస్తుందని చెబుతూ, ఊపులో మూడో స్తంభాన్ని అరచేత్తో చరిచాను. చెయ్యి మణికట్టు దాకా లోపలికి పోయింది. (మోచేతి దాకా.) ఎవరూ గమనించలేదనుకుని ఉపన్యాసం కొనసాగించాను. (అందరూ గమనించారు.) అప్పుడు నా చెవి పక్కనే టక్ మంది.

మీ అక్కయ్య ముందు వరసలోంచి లేచింది. ఎవరినీ అడగలేదు. "పిల్లలూ, పాట ఆపండి. వెనక గేటు. పరిగెత్తొద్దు, నడవండి" అంది. పిల్లలు లేచారు, వాళ్ళ టీచర్లు లేచారు, వాళ్ళని చూసి జనమంతా లేచారు. ఛైర్మన్ గారు మాత్రం మైకు పట్టుకుని, ఈ కార్యక్రమం ఆహ్వానపత్రంలో లేదని రెండుసార్లు ప్రకటించారు. మూడోసారి ప్రకటించడానికి ఆయన లేరు. ఆ వయసులో అంత వేగం ఉంటుందని నేననుకోలేదు.

నా చెయ్యి రాలేదు. బావమరిదీ, ఆ సమయంలో నేను పెట్టిన పదం ఒక్కటీ నాకు గుర్తు రాలేదు. ఇదంతా వట్టి తుప్పు, నన్ను లాగండి అన్నాను. (అనలేదు, అరిచాడు. మైకు ఆపలేదు. వీధి చివరి దాకా వినపడింది.) చక్రం తిప్పడం ముగించుకుని ఆ ఇస్త్రీ పెద్దాయన గంజి బకెట్టుతో వచ్చి నా మోచేతి మీద కుమ్మరించాడు. ఆయనా మీ అక్కయ్యా కలిసి లాగితే చెయ్యి బయటికొచ్చింది. నేను వేదిక మీంచి వెల్లకిలా పడ్డాను. చెయ్యి విరిగింది అప్పుడే. మేం వెనక గేటు దాటాక ట్యాంకు మెల్లిగా ఒక పక్కకి ఒరిగి, మోకాళ్ళ మీద కూలబడినట్టు కూలబడింది. చాలా నీళ్ళు అప్పటికే పోయాయి కాబట్టి బడి గోడ ఒక్కటి పడింది. ఇంకే మనిషికీ ఏమీ కాలేదు. రెండో ముద్రణ అయిదు వందల ప్రతులు మురిక్కాలవలో కలిశాయి.

(తమ్ముడూ, గేటు దాటేదాకా ఆయన మీద నాకు ఒళ్ళు మంటగానే ఉంది. దాటాక విరిగిన చెయ్యి పట్టుకుని పిల్లల్ని లెక్కపెట్టాడు. ఒకసారి కాదు, మూడుసార్లు. లెక్క సరిపోయాక అక్కడే మట్టిలో కూర్చుని ఏడ్చాడు. అందుకే నా చేత్తో అన్నం పెడుతున్నాను.)

నీ కేసు కొట్టేశారని విన్నాను. కొలవడానికి కాలే లేనప్పుడు కొలత దిద్దిన నేరం నిలవదని తేల్చారట. సంతోషం. నువ్వు నాకు మొదటి రోజే చెప్పావు. నేను నీ ఉత్తరంలో తప్పులు దిద్దాను. అంతకంటే ఏమీ చెప్పలేను.

ఇప్పుడు నీతో ఒక పని పడింది. మొన్న మా ఆఫీసు నుంచి నాకొక మెమో వచ్చింది. పూర్తిగా రెండో ముద్రణ భాషలో ఉంది. "తమ పదస్థితి తక్షణ ఊర్ధ్వ వియోజనమునకు లోనైనది. తదనుగుణ స్థానాంతరీకరణమునకు సంసిద్ధులు కావలెను." ఇంతే. ఊర్ధ్వ వియోజనము నేను పెట్టిన పదమే. బాయిలరులోంచి ఆవిరి పైకి పోవడానికి పెట్టాను. మరి నేను పైకి వెళ్ళానా, లేక ఊరికే పోయానా? రాత్రీ పగలూ ఇదే ఆలోచన. ఆఫీసులో అడుగుదామంటే, పెట్టినవాడికే తెలియదా అంటారు. నీకు ఇలాంటి కాగితాలు అలవాటు కదా. నకలు జతచేశాను. నలుగురినీ కనుక్కుని, నా ఉద్యోగం ఉందో ఊడిందో మామూలు మాటల్లో రాసి పంపు.

నీ మేలు మరవని,
బావ

తా.క. తమ్ముడూ, ఆ మెమో సంగతి నాకు ఛైర్మన్ గారి భార్య చెప్పింది. ఉద్యోగం ఊడలేదు. విభాగం మొత్తానికి పెద్దని చేశారు. ఆయనకి నేను చెప్పలేదు. ఈ వారం రోజులుగా ఆకలేస్తే ఆకలేస్తోంది అంటున్నాడు, నొప్పి పుడితే నొప్పి అంటున్నాడు, నిన్న నన్ను చూసి బాగున్నావు అన్నాడు. పెళ్ళయ్యాక ఆయన మాట నాకు ఒక్కసారికే అర్థం కావడం ఇదే మొదలు. మెమో చాలా కష్టంగా ఉంది, అర్థం కనుక్కోవడానికి ఆరు నెలలు పడుతుంది అని జవాబు రాయి.